సక్షన్ గొట్టం అందని చోట: వెంటిలేటర్ రోగుల్లో కఫం తొలగింపు

కాకినాడలోనో, రాజమహేంద్రవరంలోనో, ఏలూరులోనో ఐసీయూ తలుపు బయట బెంచీల మీద రాత్రంతా కూర్చున్న బంధువులు, తెల్లవారి నర్సు బయటికి రాగానే సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. కళ్లు తెరిచారా అన్నది మొదటిది, కఫం తీస్తున్నారా అన్నది రెండోది. రెండో ప్రశ్న వెనుక ఒక గట్టి నమ్మకం ఉంది. ఎన్నిసార్లు గొట్టం వేసి లాగితే ఊపిరితిత్తులు అంతగా శుభ్రపడతాయని, లాగకపోతే నిర్లక్ష్యం చేసినట్టేనని ఆ నమ్మకం. బంధువుల సంగతి అలా ఉంచితే, రెండు గంటలకోసారి సక్షన్ చేసినట్టు చార్టులో టిక్కు పెట్టడాన్నే శ్రద్ధకు కొలమానంగా చూసే అలవాటు వార్డుల్లోనూ ఉంది. సక్షన్ గొట్టం ఎంత దూరం వెళ్తుందో, కఫం ఎక్కడ పుట్టి ఎక్కడ ఆగిపోతుందో లెక్క చూస్తే ఈ కొలమానం నిలవదు.

వాయునాళం 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవుంటుంది. అది రెండుగా చీలి, ఆ రెండూ మళ్లీ చీలి, అలా దాదాపు 23 తరాలు చీలాక గాని గాలి చివరి వాయుగోణులను, అంటే గాలి నిండే చిన్న తిత్తులను చేరదు. సక్షన్ కాథెటర్ ఎంత లోతుకు పోయినా మొదటి చీలిక దగ్గర తగిలి ఆగుతుంది, లేదంటే కాస్త ముందుకు జరుగుతుంది. కుడి శ్వాసనాళం ఎడమదాని కంటే నిటారుగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి అలా జరిగినప్పుడు ఎక్కువసార్లు కుడివైపుకే పోతుంది. అంటే 23 చీలికల్లో దానికి అందేవి ఒకటో రెండో. డెల్టా రైతుకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు లాకు ముందున్న మట్టి తోడి, బోదెల్లో పూడిక వదిలేస్తే శివారు చేలకు నీళ్లు ఎక్కవు. ఊపిరితిత్తుల శివారులో పేరుకున్న కఫం తనంతట తాను గాని, ఏదో ఒక ఒత్తిడికి కదిలి గాని పెద్ద నాళంలోకి రావాలి. అలా వచ్చాకే గొట్టానికి అందుతుంది. వెంటిలేటర్ రోగి విషయంలో అసలు పనంతా ఆ రాబట్టడంలో ఉంది, సక్షన్ దానికి చిట్టచివరి మెట్టు మాత్రమే.

ఆరోగ్యవంతుడిలో ఈ రాబట్టడం ఎవరికీ తెలియకుండానే జరుగుతుంటుంది. శ్వాసనాళాల లోపలి గోడ మీద కంటికి కనిపించని వెంట్రుకల్లాంటి శైలికలు సెకనుకు 10 నుంచి 20 సార్లు కొట్టుకుంటూ, తమ మీద పరుచుకున్న పలుచని శ్లేష్మపు పొరను నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల వేగంతో గొంతు వైపు మోస్తుంటాయి. గొంతు దాకా వచ్చినదాన్ని మనిషి గమనించకుండానే మింగేస్తాడు. ఈ నెమ్మది మోత చాలనప్పుడు దగ్గు ఆదుకుంటుంది. నిండుగా గాలి పీల్చి, స్వరతంత్రులను ఒక్క క్షణం బిగించి, పొట్ట కండరాలతో లోపల ఒత్తిడి పెంచి, ఒక్కసారిగా తెరవడమే దగ్గు. ఆ తెరిచిన క్షణంలో గాలి వేగం నిమిషానికి 360 లీటర్లు దాటుతుంది.

వెంటిలేటర్ కోసం నోటి ద్వారా వాయునాళంలోకి ట్యూబు వేయగానే ఈ ఏర్పాటులో ప్రతి మెట్టూ దెబ్బతింటుంది. ట్యూబు చివర ఉబ్బించిన బెలూను లాంటి కఫ్, కింది నుంచి వస్తున్న శ్లేష్మానికి అడ్డుగోడ అవుతుంది. స్వరతంత్రుల మధ్య నుంచే ట్యూబు పోతుంది కాబట్టి అవి బిగుసుకోలేవు. అవి బిగుసుకోనిదే దగ్గుకు కావలసిన ఒత్తిడి పుట్టదు. నిద్రమందులు దగ్గు రావాలన్న ప్రేరణనే అణచివేస్తాయి. ఎక్కువ గాఢతలో ఇచ్చే ఆక్సిజన్, ఎండిన గాలి, ఇన్ఫెక్షన్ కలిసి శైలికల కదలికను మందగింపజేస్తాయి. వీటన్నిటికీ తోడు రోగి వెల్లకిలా కదలకుండా పడుకుని ఉంటాడు కాబట్టి వీపువైపు భాగాల్లో కఫం దిగి నిలిచిపోతుంది.

వీటిలో అన్నిటికన్నా తక్కువగా పట్టించుకునేది తేమ. వాయుగోణుల దగ్గర గాలి 37 డిగ్రీల వేడితో, పూర్తి తేమతో ఉంటుంది. లెక్కలో చెప్పాలంటే లీటరు గాలిలో 44 మిల్లీగ్రాముల నీటి ఆవిరి. ముక్కు, గొంతు, వాయునాళం కలిసి బయటి గాలిని ఈ స్థితికి తెస్తాయి, ట్యూబు ఆ దారిని దాటవేస్తుంది. కోనసీమలో 30 డిగ్రీల వేడికి 80 శాతం తేమ తోడై ఉక్కపోతకు చొక్కా ఒంటికి అతుక్కుపోయే రోజున కూడా లీటరు గాలిలో ఉండే ఆవిరి దాదాపు 24 మిల్లీగ్రాములే. గోడలోని పైపు నుంచి వెంటిలేటర్‌కు వచ్చే ఆక్సిజన్‌లో, గాలిలో ఆ మాత్రమూ ఉండదు, అది దాదాపు పూర్తిగా పొడి వాయువు. బయట వాన కురుస్తున్నా, కిటికీ అవతల చెరువు నిండుగా ఉన్నా రోగి ఊపిరితిత్తులకు చేరేది ఎడారి గాలే. ఆ గాలి గంటల తరబడి తగిలితే శ్లేష్మంలోని నీరు హరించుకుపోయి, మొదట జిగురవుతుంది, తర్వాత బంకవుతుంది, చివరికి ట్యూబు లోపలి గోడకు పొరలు పొరలుగా ఎండి పెచ్చు కడుతుంది. అలాంటి కఫాన్ని ఎన్నిసార్లు లాగినా రాదు. అప్పుడు ఇంకా తరచుగా, ఇంకా గట్టిగా లాగడం మొదలవుతుంది. మూలం తేమలో ఉంటే చికిత్స సక్షన్‌కు జరుగుతుంది.

తేమ ఇవ్వడానికి రెండు దారులున్నాయి. ఒకటి, వేడి నీటి గిన్నె మీదుగా గాలిని పంపే హీటెడ్ హ్యుమిడిఫయర్. లీటరుకు 33 నుంచి 44 మిల్లీగ్రాముల ఆవిరి, ట్యూబు మొదట్లో 34 నుంచి 41 డిగ్రీల వేడి ఇవ్వాలన్నది 2012 నాటి అమెరికన్ రెస్పిరేటరీ కేర్ సంఘం మార్గదర్శకం. రెండోది, రోగి వదిలిన ఊపిరిలోని వేడిని, తేమను పట్టి ఉంచి తర్వాతి శ్వాసకు తిరిగి ఇచ్చే చిన్న ఫిల్టర్. వార్డు భాషలో దీన్ని హెచ్‌ఎమ్ఈ అంటారు. ఇది లీటరుకు కనీసం 30 మిల్లీగ్రాములు ఇవ్వాలి. చవక, కరెంటు అక్కర్లేదు, నీళ్లు నింపే పని లేదు కాబట్టి ఎక్కువ చోట్ల ఇదే కనిపిస్తుంది, అంబులెన్సులో రోగిని తరలించేటప్పుడు కూడా ఇదే గతి. అయితే కఫం చిక్కగా, ఎక్కువగా, రక్తంతో కలిసి వస్తున్న రోగికి, నిమిషానికి 10 లీటర్లకు మించి గాలి కావలసిన రోగికి, శరీర ఉష్ణోగ్రత 32 డిగ్రీల కంటే తగ్గిన రోగికి ఇది పనికిరాదు. కఫం ఫిల్టర్‌లోనే ఇరుక్కుని గాలి దారిని మూసేస్తుంది. అంటే చవకైన పరికరం ఎవరికి బాగా పనిచేస్తుందంటే, కఫం బాధ అంతగా లేని వాళ్లకే.

హ్యుమిడిఫయర్‌కూ తన చిక్కులు తనకున్నాయి. గిన్నెలో స్టెరైల్ డిస్టిల్డ్ వాటర్ పోయాలి. సెలైన్ పోస్తే ఉప్పు పేరుకుంటుంది, కుళాయి నీరు పోస్తే క్రిములను దగ్గరుండి ఆహ్వానించినట్టే. రాత్రి డ్యూటీలో నీరు అయిపోయినా యంత్రం ఆగదు, పొడి గాలిని అలాగే పంపుతుంది. ఏసీ చల్లదనానికి గొట్టాల్లో ఆవిరి నీరై నిలుస్తుంది. ఆ నీరు రోగి వైపు జారకుండా, దాన్ని పట్టి ఉంచే చిన్న గిన్నెను, అంటే సర్క్యూట్‌లోని వాటర్ ట్రాప్‌ను రోగి ట్యూబు కంటే కింద ఉంచి, నిండకముందే ఖాళీ చేస్తుండాలి.

డెల్టా ఐసీయూల్లో రెండు రకాల రోగులు ఈ విషయం మొత్తాన్ని తేటగా చూపిస్తారు. మొదటిది పురుగుమందు కేసు. వరి, కూరగాయలు పండే ప్రతి ఊళ్లోనూ ఆర్గానోఫాస్ఫేట్ మందు డబ్బా ఇంటి చూరులోనో పశువుల పాకలోనో ఉంటుంది. అది ఒంట్లోకి వెళ్లినప్పుడు నోటి వెంట నురగ, ఊపిరితిత్తుల నిండా పలుచని నీటి లాంటి స్రావం పొంగుతుంది. ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విరిచే ఎంజైమ్‌ను మందు కట్టిపడేయడం వల్ల స్రవించే గ్రంథులన్నీ ఆపకుండా పనిచేయడమే దీనికి కారణం. దీన్ని కూడా బంధువులు కఫమనే అంటారు, నిజానికి ఇది పాత కఫం అడ్డుపడటం కాదు, నిమిష నిమిషానికీ కొత్తగా ఊరుతున్న నీరు. సక్షన్‌తో దీన్ని తోడటం పగుళ్లిచ్చిన గట్టు పక్కన బొక్కెనతో నీళ్లు తోడటమే. ఊటను ఆపేది అట్రోపిన్. కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, స్పందన లేకపోతే 5 నిమిషాలకోసారి రెట్టింపు చేస్తూ, స్టెతస్కోపుకు ఛాతీ తేటగా వినిపించే దాకా, గుండె వేగం 80కి, పై రక్తపోటు 80కి పైన నిలిచే దాకా ఇస్తారు. కంటిపాప పెద్దదైందా అని చూడటం కంటే ఛాతీ ఆరిందా అని వినడం ముఖ్యం.

అయితే అదే అట్రోపిన్ గురి దాటితే కథ తలకిందులవుతుంది. జ్వరం, గందరగోళం, పేగుల శబ్దం ఆగిపోవడం మొదలై, ఊపిరితిత్తుల్లోని స్రావం జిగటగా మారి ఎండుతుంది. నిన్నటి దాకా నీళ్లలా పొంగిన ఛాతీలో ఇవాళ బంక ముద్దలు అడ్డుపడతాయి. అదే రోగికి మొదటి రోజు అవసరమైంది స్రావాన్ని ఆరబెట్టడం, మూడో రోజు అవసరమయ్యేది దాన్ని తడిగా ఉంచడం. పైగా 24 నుంచి 96 గంటల మధ్య కొందరిలో మెడ ఎత్తలేనంతగా కండరాలు నీరసించి, శ్వాస కండరాలు కూడా చేతులెత్తేస్తాయి. 1987లో శ్రీలంక వైద్యులు ఇంటర్మీడియట్ సిండ్రోమ్ పేరుతో వర్ణించిన దశ ఇదే. ఊట ఆగింది కదా అని సంబరపడే సమయానికి దగ్గే శక్తి పోతుంది. అందుకే ఈ రోగుల విషయంలో ‘రెండు గంటలకోసారి సక్షన్’ అన్న ఒకే ఆర్డరు మొదటి రోజు నుంచి వారం దాకా నడవడం, చికిత్స జబ్బు వెంట కాక కాగితం వెంట పోతోందనడానికి గుర్తు.

రెండో రోగి కట్లపాము కాటు పడినవాడు. నేల మీద పడుకున్న వాళ్లను ఇది రాత్రిపూట కరుస్తుంది; నొప్పి, వాపు పెద్దగా ఉండవు కాబట్టి తెల్లవారి కనురెప్పలు వాలిపోయే దాకా కాటు పడిందనే తెలియకపోవచ్చు. విషం నరాల కొనల్ని దెబ్బతీసి కండరాలను స్తంభింపజేస్తుంది. తాచుపాము కాటులో నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్‌కు కండరాలు తేరుకోవడం తరచుగా కనిపిస్తుంది గాని, కట్లపాము విషానికి అది అంతగా పనిచేయదు. దెబ్బతిన్న నరాల కొనలు మళ్లీ పెరగాలి, దానికి రోజులు పడుతుంది. ఇతని ఊపిరితిత్తులు మొదట ఆరోగ్యంగానే ఉంటాయి. లాలాజలం మింగలేకపోవడం, దగ్గలేకపోవడం అన్న ఈ రెండు లోపాల వల్లే అవి పాడవుతాయి. అంటే వెంటిలేటర్ మీద ఉన్న ఆ వారం పది రోజులూ కఫం దారికి అడ్డం రాకుండా చూసుకోగలిగితే మనిషి నడుచుకుంటూ ఇంటికి వెళ్తాడు. ఇక్కడ మరొక మాట చెప్పుకోవాలి. ఇతను కన్ను తెరవడు, వేలు కదపడు, కాని వింటూనే ఉంటాడు. నిద్రమందు ఇవ్వకపోతే ట్యూబులో గొట్టం దిగిన ప్రతిసారీ ఊపిరాడని బాధంతా అతనికి తెలుస్తుంది. ‘ఇప్పుడు కఫం తీస్తున్నామండీ, ఒక్క నిమిషం’ అని చెవి దగ్గర చెప్పాకే గొట్టం వేయడం మర్యాద కోసం చేసే పని మాత్రమే కాదు, చికిత్సలో భాగం.

గడియారం చూసి కాకపోతే మరి ఎప్పుడు లాగాలి? ట్యూబులో కఫం కంటికి కనిపించినప్పుడు, వాయునాళం మీద స్టెతస్కోపు పెడితే గరగర వినిపించినప్పుడు, ఆక్సిజన్ శాతం మరో కారణం లేకుండా తగ్గినప్పుడు. వీటికన్నా ముందే చెప్పేది యంత్రం తెర మీది గాలి ప్రవాహపు గీత. నునుపుగా దిగాల్సిన గీత రంపపు పళ్లలా వణికితే పెద్ద నాళాల్లో ఏదో కదులుతోందని అర్థం. అయితే గొట్టంలో నిలిచిన నీరు కూడా అచ్చం ఇలాంటి పళ్లనే గీస్తుంది కాబట్టి మొదట గొట్టం ఎత్తి నీరు ఒంపి, మళ్లీ తెర చూడాలి. నిర్ణీత పరిమాణంలో గాలి ఇచ్చే పద్ధతిలో కఫం అడ్డుపడితే శిఖర ఒత్తిడి పెరుగుతుంది, ఊపిరిని క్షణం ఆపి చూసే ప్లాటో ఒత్తిడి మాత్రం మునుపటిలాగే ఉంటుంది. రెండింటి మధ్య ఎడం పెరిగితే అడ్డు దారిలో ఉందని, రెండూ కలిసి పెరిగితే జబ్బు ఊపిరితిత్తిలోనే ఉందని తెలుస్తుంది. నిర్ణీత ఒత్తిడితో ఇచ్చే పద్ధతిలోనైతే అలారం మోగకపోవచ్చు. ఒక్కో శ్వాసకు లోపలికి పోయే గాలి మెల్లగా తగ్గుతూ వస్తుంది, కనిపెట్టి చూసేవాళ్లకే అది కనిపిస్తుంది. సక్షన్ అవసరాన్ని బట్టే చేయాలని 2022లో సవరించిన అమెరికన్ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

అవసరం లేకుండా లాగితే ఏం పోతుందన్న ప్రశ్నకు జవాబు చిన్నదేమీ కాదు. గొట్టం కఫంతో పాటు గాలిని కూడా లాగేస్తుంది. అంతదాకా ఒత్తిడితో తెరిచి ఉంచిన వాయుగోణులు ముడుచుకుంటాయి, ఆక్సిజన్ పడిపోతుంది. వేగస్ నాడి ప్రేరణతో గుండె వేగం హఠాత్తుగా తగ్గవచ్చు. తలకు గాయమైన రోగిలో మెదడు ఒత్తిడి పెరుగుతుంది. కొస పదేపదే తగిలిన చోట లోపలి పొర ఒరుసుకుపోయి రక్తం చిమ్ముతుంది, మర్నాడు ఆ రక్తపు చారను చూసి కఫం పెరిగిందనుకుని మరింత లాగుతారు. అందుకే గొట్టం మందం ట్యూబు లోపలి వెడల్పులో సగం దాటకూడదు. ట్యూబు సైజులోంచి రెండు తీసేసి, వచ్చినదాన్ని రెట్టింపు చేస్తే గొట్టం నంబరు వస్తుంది. 8 నంబరు ట్యూబుకు 12 నంబరు గొట్టం. ముందుగా కాసేపు నూరు శాతం ఆక్సిజన్ ఇవ్వాలి. పీల్చే సమయం 15 సెకన్లు మించకూడదు. గొట్టం దింపేవాళ్లు తామూ ఊపిరి బిగబడితే ఆ 15 సెకన్లు ఎంతో అర్థమవుతుంది. పెద్దవాళ్లలో పీల్చే ఒత్తిడి 200 మిల్లీమీటర్ల పాదరసానికి లోపే ఉండాలి, చాలా వార్డులు 80 నుంచి 150 మధ్య ఉంచుతాయి. సక్షన్ పైపు కొసను వేలితో మూసి, గోడ మీది మీటరు సూది ఎక్కడ నిలుస్తుందో చూసి మొదలుపెట్టడానికి పట్టేది రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లు ఎవరూ కేటాయించకపోవడంతో నాబ్ చివరిదాకా తిప్పి ఉన్న మీటర్లే ఎక్కువ కనిపిస్తాయి.

గొట్టాన్ని ట్యూబు కొస దాకా మాత్రమే దింపడం మంచిది, దాంతో పని కాకపోతేనే లోతుకు పోవాలి. కఫం చిక్కగా ఉందని ముందుగా ట్యూబులో సెలైన్ పోసే అలవాటు ఇప్పటికీ పోలేదు. శ్లేష్మంలో నీరు కలవదు, పక్కనుంచి జారిపోతుంది. పోసిన దానిలో కొంతే తిరిగి వస్తుంది, మిగిలింది ట్యూబు గోడ మీది క్రిములను వెంటబెట్టుకుని శివారుకు దిగుతుంది. మామూలుగా దీన్ని చేయవద్దనే మార్గదర్శకాలు చెబుతున్నాయి. యంత్రం నుంచి విడదీయకుండా ప్లాస్టిక్ తొడుగులోనే ఉండి పనిచేసే క్లోజ్డ్ సక్షన్ వల్ల ఊపిరితిత్తుల్లోని ఒత్తిడి నిలుస్తుంది, తుంపరలు గాలిలోకి చిమ్మవు. కోవిడ్ కాలంలో ఇవి జిల్లా ఆసుపత్రుల్లోనూ పరిచయమయ్యాయి. న్యుమోనియా తగ్గించడంలో మాత్రం తెరిచి చేసే పద్ధతి కంటే ఇది మెరుగని తేలలేదు.

ఇక శివారులో ఉన్నదాన్ని పెద్ద నాళంలోకి రాబట్టే సంగతి. శ్లేష్మం గాలి ఏ దిక్కుకు వేగంగా పోతే ఆ దిక్కుకే జరుగుతుంది. ఊపిరి వదిలేటప్పటి గరిష్ఠ వేగం పీల్చేటప్పటి వేగాన్ని కనీసం పదో వంతు మించితే కఫం బయటి వైపు కదులుతుందని ప్రయోగశాల పరిశీలనలు చూపాయి. ఇందులో వెంటిలేటర్ అమరికకు సంబంధించిన ఒక చేదు విషయం దాగి ఉంది. గాలిని చాలా వేగంగా, తక్కువ సమయంలో లోపలికి తోసేలా యంత్రాన్ని పెడితే, ప్రతి శ్వాసా కఫాన్ని మరింత లోపలికి నెడుతుంది. నిమిషానికి ఇరవైసార్లు యంత్రం లోపలికి తోసిన దాన్ని రోజుకు పన్నెండుసార్లు గొట్టం బయటికి లాగాలి. ఫిజియోథెరపిస్టు చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే అంబూ బ్యాగ్‌తో నెమ్మదిగా నిండుగా గాలి నింపి, రెండు క్షణాలు ఆపి, బ్యాగును ఒక్కసారిగా వదలడం ఇదే సూత్రం మీద నడుస్తుంది. అదే పనిని బ్యాగు లేకుండా వెంటిలేటర్ అమరిక మార్చి కూడా చేయవచ్చు, అప్పుడు ఒత్తిడి ఎంత ఉందో తెర మీద కనబడుతుంది కాబట్టి అది సురక్షితం. ఊపిరి వదిలే క్షణంలో పక్కటెముకల మీద చేతులతో గట్టిగా, కొద్దిసేపు ఒత్తడం మరో పద్ధతి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే న్యూమోథొరాక్స్ ఉన్నవాళ్లకు, ఊపిరితిత్తులు వాచి నీరు పట్టే తీవ్రమైన ఏఆర్‌డీఎస్ ఉన్నవాళ్లకు, మెదడు ఒత్తిడి పెరిగినవాళ్లకు ఇవి ప్రమాదం. గుల్లగా పట్టిన అరచేతితో వీపు తట్టడం బంధువుల కంటికి బాగా కనిపించే చికిత్స, అయితే వెంటిలేటర్ రోజులను అది ఒక్కటే తగ్గిస్తుందనడానికి ఆధారం బలహీనం. పక్కకు తిప్పి పడుకోబెట్టడం, వీలైన వెంటనే మంచం అంచున కూర్చోబెట్టడం చప్పుడు లేకుండా ఎక్కువ మేలు చేస్తాయి.

తల వైపు ఎత్తడంలో ఒక వైరుధ్యం ఉంది. మంచం తల 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తితే కడుపులోనిది గొంతులోకి పొంగదు. 1999లో స్పెయిన్‌లో జరిగిన ఒక చిన్న పరిశోధనలో పూర్తిగా వెల్లకిలా ఉంచిన వాళ్లలో 34 శాతం మందికి న్యుమోనియా అనుమానం రాగా, తల ఎత్తిన వాళ్లలో అది 8 శాతమే. కాని అదే ఎత్తు వల్ల, కఫ్ దాటి కారినదీ లోపల ఊరినదీ భూమ్యాకర్షణతో కిందికే, అంటే ఊపిరితిత్తుల్లోకే జారుతుంది. తల కిందికి ఉంచి పక్కకు పడుకోబెట్టి చూసిన అంతర్జాతీయ పరిశోధన 2017లో వెలువడింది. లాభం స్పష్టంగా తేలక, ఇబ్బందులు ఎదురై దాన్ని మధ్యలోనే ఆపేశారు. కాబట్టి తల ఎత్తే ఉంచాలి, కిందికి జారేదాన్ని వేరే దారిలో అరికట్టాలి. నోటి నుంచి కఫ్ మీద చేరిన మడుగును తోడేందుకు అదనపు రంధ్రమున్న ట్యూబులు ఇందుకే వచ్చాయి, న్యుమోనియాను తగ్గిస్తాయని వాటికి మంచి ఆధారమే ఉంది. ఖరీదు కారణంగా అవి అందరికీ వేయరు. కఫ్ ఒత్తిడిని 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్య మీటరుతో కొలిచి ఉంచడానికి మాత్రం పెద్ద ఖర్చు లేదు. వేలితో నొక్కి ‘బాగానే ఉంది’ అనుకోవడం కొలవడం కిందికి రాదు. నోరు శుభ్రం చేయడంలోనూ అలవాట్లు మారాయి. ఎన్నో ఏళ్లు తప్పనిసరి అనుకున్న క్రిమిసంహారక మందు క్లోర్‌హెక్సిడిన్‌ను పక్కనబెట్టి, బ్రష్‌తో పళ్లు తోమమని 2022 నాటి అమెరికన్ సూచనలు చెబుతున్నాయి.

మందుల గురించి ఎక్కువ చెప్పుకోవలసింది లేదు. కఫం పలుచబడుతుందని ఎసిటైల్‌సిస్టీన్, శ్వాసనాళాలు విప్పారుతాయని సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ రోజుకు నాలుగుసార్లు అందరికీ ఇవ్వడం ఇక్కడా మామూలే. నెదర్లాండ్స్‌లో 922 మంది మీద జరిగి 2018లో వెలువడిన పరిశోధనలో, అవసరమైనప్పుడే ఇచ్చిన వాళ్లు క్రమం తప్పకుండా ఇచ్చిన వాళ్ల కంటే ఏమీ నష్టపోలేదు, గుండె దడ వంటి దుష్ఫలితాలు సగానికి తగ్గాయి. నెబ్యులైజేషన్ ఇచ్చేటప్పుడు హెచ్‌ఎమ్ఈ ఫిల్టర్ తీయాలి, లేకపోతే మందంతా ఫిల్టర్‌కే చేరుతుంది. అయ్యాక మళ్లీ పెట్టాలి, ఈ రెండోదే ఎక్కువగా మరిచిపోతారు.

ఒక పక్క ఊపిరితిత్తి ఎక్స్‌రేలో తెల్లబడగానే బ్రాంకోస్కోపీ (కెమెరా గొట్టంతో శ్వాసనాళాల లోపల చూడటం) కోసం పెద్దాసుపత్రికి పంపమని బంధువులు పట్టుబట్టడం సాధారణం. 1979లో 31 మంది మీద జరిగిన అమెరికన్ పోలికలో, ఊపిరితిత్తి భాగం ముడుచుకుపోయిన వాళ్లకు వెంటనే బ్రాంకోస్కోపీ చేయడం, గట్టి ఫిజియోథెరపీ ఇవ్వడం రెండూ సమానంగానే పనిచేశాయి. ఎక్స్‌రేలో తెల్లటి భాగంలోంచి గాలి నాళాలు నల్లటి గీతల్లా కనిపిస్తే, అడ్డు పెద్ద నాళంలో కాక చిన్న నాళాల్లో ఉందని, ఆ భాగం తేరుకోవడానికి ఎక్కువ సమయం పడుతుందని కూడా ఆ పరిశీలన చూపింది. ఆ రోగిని అమలాపురం నుంచి కాకినాడకు కదిలే అంబులెన్సులో ఎక్కించడం వల్ల కలిగే ప్రమాదాన్ని ఈ లెక్కతో కలిపి తూచాలి. కాలువలో పడి బురదనీరు, తూడు పీల్చిన మనిషి సంగతి వేరు. అక్కడ కంటితో చూసి తీయడమే దారి.

దగ్గు లేని వాళ్లకు దగ్గును యంత్రంతో తయారుచేయవచ్చు. పోలియో కాలంలో, 1950లలో పుట్టిన ఆలోచన ఇది. 40 సెంటీమీటర్ల నీటి ఒత్తిడితో గాలి నింపి, వెంటనే అంతే ఒత్తిడితో వెనక్కి లాగే ఈ కాఫ్ అసిస్ట్ యంత్రం కండరాల జబ్బుల్లో బాగా ఉపయోగపడుతుంది. కట్లపాము రోగికీ సూత్రప్రాయంగా సరిపోతుంది గాని, డెల్టాలో కొద్ది చోట్లే కనిపిస్తుంది.

ట్యూబు తీసే రోజున ప్రశ్న మళ్లీ దగ్గు దగ్గరికే వస్తుంది. రోగి సొంతంగా ఊపిరి తీయగలడా అన్న పరీక్ష నెగ్గినా, దగ్గలేకపోతే ఒకటి రెండు రోజుల్లో కఫం నిండి మళ్లీ ట్యూబు వేయాల్సి వస్తుంది. దగ్గు వేగం నిమిషానికి 60 లీటర్లకు తక్కువైతే ఈ ముప్పు బాగా ఎక్కువ. కొలిచే మీటరు లేని చోట తెల్ల కార్డు చాలు. దాన్ని ట్యూబు చివరకు ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, మూడు నాలుగుసార్లు దగ్గమని అడిగి, కార్డు మీద తడి పడిందో లేదో చూస్తారు. 2001లో వెలువడిన పరిశోధనలో, కార్డు తడవని వాళ్లలో ట్యూబు తీయడం విఫలమయ్యే ముప్పు తడిసిన వాళ్ల కంటే మూడు రెట్లు ఉంది. కట్లపాము కాటు తర్వాత ఎనిమిదో రోజున కనురెప్పలు లేచి, తల దిండు మీద నుంచి పైకెత్తి, చెప్పగానే దగ్గి కార్డును తడిపిన రోగికి ట్యూబు తీయవచ్చు. కళ్లు తెరిచి చూస్తున్నా తల ఎత్తలేక, కార్డును పొడిగానే వదిలేసిన రోగికి మరో రెండు రోజులు ఆగాలి.